సింగిల్ సిలిండర్ మోటారు సైకిల్: ఇంజన్, కరెంటు లోపాలను కనిపెట్టే విధానం

సింగిల్ సిలిండర్ ఇంజన్ నడవాలంటే నాలుగు సరిగ్గా ఉండాలి. గాలి, పెట్రోలు తగిన పాళ్లలో కలవాలి. ఆ మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా అదమాలి. సరైన క్షణంలో ప్లగ్గులో కరెంటు రావాలి. కాలిన పొగ అడ్డం లేకుండా సైలెన్సర్‌లోంచి బయటికి పోవాలి. రెండు, నాలుగు సిలిండర్లున్న బండిలో ఒకటి మొరాయించినా తక్కినవి ఇంటిదాకా లాక్కొస్తాయి. ఒంటి సిలిండరుకు ఆ వెసులుబాటు లేదు. నాలుగింటిలో ఏది తప్పినా బండి రోడ్డు మీద నిలబడిపోతుంది. అయితే వెతకాల్సిన చోటు కూడా చిన్నదే. వరస తప్పకుండా చూసుకుంటూ పోతే లోపం దొరుకుతుంది. వరస తప్పితే సి.డి.ఐ. (ప్లగ్గుకు వేళకు కరెంటు పంపే యూనిట్), కాయిల్, కార్బురేటర్ ఒకదాని తర్వాత ఒకటి మార్చాక కూడా పాత లోపం పాతగానే ఉంటుంది.

శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడింది. అందులోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలకూ చుట్టుపక్కల పల్లెలకూ మోటారు సైకిలే ముఖ్యమైన వాహనం. హిందూపురం పట్టుగూళ్లకు, బెల్లానికి, చింతపండుకు పేరున్న మార్కెట్టు. ధర్మవరం పట్టుచీరల ఊరు. విజయనగర రాజుల రెండో రాజధానిగా చరిత్రకెక్కిన పెనుకొండ 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. దాని దగ్గరే ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. మడకశిర, గోరంట్ల, లేపాక్షి, బత్తలపల్లి వైపు పల్లెల నుంచి గూళ్ల సంచి, పాల క్యాను, గడ్డిమోపు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఈ బండ్ల మీదే వస్తారు. తయారుచేసినవాళ్లు లెక్కవేసిన బరువు వేరు, బండి మోస్తున్న బరువు వేరు. లోపాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మొదట గుర్తుంచుకోవాలి.

నేల, ఎండ, దుమ్ము

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి 550 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఈ వాతావరణం ఇంజన్ లోపలి భాగాల కంటే ముందు మూడింటిని దెబ్బతీస్తుంది: బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్, కరెంటు కనెక్టర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపలి పలకల తుప్పు వేడికి వేగం పుంజుకుంటుంది. సగటు వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని వాడుకలో ఉన్న లెక్క. ఎర్ర దుమ్ము ఫిల్టర్‌ను మూసేస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. చిరిగిన ఫిల్టర్‌తో బండి తోలితే ఇంకా నష్టం. ఆ దుమ్ము నేరుగా బోరులోకి వెళ్లి రింగులను అరగదీస్తుంది.

హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున, ధర్మవరం సుమారు 345 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ తేడాకు గాలి ఒత్తిడి మూడు శాతం దాకా మారుతుంది. కార్బురేటర్ జెట్టు మార్చేటంత తేడా కాదది. ధర్మవరంలో బాగా లాగిన బండి హిందూపురంలో లాగకపోతే తప్పు ఎత్తుది కాదు, బండిదే.

ఏ బండి, ఏ కాలానిది

లోపం వెతికే ముందు బండి ఏ తరానిదో తెలియాలి. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీ బండ్లు ఎక్కువగా ప్లాటినం పాయింట్లతో (సి.డి.ఐ.కి ముందు రవ్వను వేళకు పుట్టించిన స్విచ్చు) నడిచేవి. 1985లో హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చాయి. మొదటిది నాలుగు స్ట్రోకులది, రెండోది రెండు స్ట్రోకులది. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఇంజను 97.2 సి.సి.; బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ. పల్లెల్లో ఎక్కువమంది మెకానిక్కుల చెయ్యి తిరిగింది ఈ ఇంజను మీదే. 2001లో పల్సర్ వచ్చింది. 2003 నుంచి దానికి ఒకే సిలిండరులో రెండు ప్లగ్గులు పెట్టారు. అలాంటి బండిలో ఒక ప్లగ్గు చచ్చినా ఇంజను ఆగదు, పికప్ మాత్రం తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. ఒక ప్లగ్గు బాగుందని చూసి రెండోదాన్ని వదిలేయడం అక్కడ తరచు జరిగే పొరపాటు.

2017 ఏప్రిల్ నుంచి బండి స్టార్టయితే హెడ్‌లైటు దానంతటదే వెలగాలన్న నియమం వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 కాలుష్య నిబంధనలతో చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఈ రెండు మార్పులూ బ్యాటరీ మీద భారం పెంచాయి. పాత స్ప్లెండర్‌లో బ్యాటరీ తీసి పక్కన పెట్టినా కిక్కుతో బండి నడిచేది, ఎందుకంటే సి.డి.ఐ.కి కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి అందేది. ఇప్పటి బండ్లలో పెట్రోలు పంపు, ఇంజెక్టర్, కంట్రోల్ యూనిట్ అన్నీ 12 వోల్టుల మీద ఆధారపడ్డవి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే కిక్కు కొట్టినా లేవడం కష్టం.

స్టార్టు కాని బండి

కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, పెట్రోలు కాక్ ముందు చూడాలి. చెప్పడానికి చిన్న సంగతులే గానీ, సైడ్ స్టాండ్ స్విచ్చు మట్టి పట్టి పనిచేయక ఇంజన్ లేవని కొత్త బండ్లు ఎన్నో ఉంటాయి. ఆ తర్వాత ప్లగ్గు విప్పాలి. ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది, కరెంటు రావడం లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఈ ఒక్క చూపుతో వెతుకులాట సగానికి తగ్గుతుంది.

తర్వాత ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని లోహపు ఒంటిని సిలిండర్ హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టాలి. నీలిరంగులో చిటపటమనే రవ్వ వస్తే బాగున్నట్టు. ఎర్రగా, సన్నగా వస్తే బలం లేదు. ప్లగ్గును హెడ్డుకు ఆనించకుండా కిక్కు కొట్టకూడదు. కరెంటు పోయే దారి లేక సి.డి.ఐ. లోపలే కాలిపోవచ్చు. పెట్రోలు కారుతున్న చోట ఈ పరీక్ష చేస్తే మంటలు లేస్తాయి. ప్లగ్గు గ్యాప్ బండిని బట్టి 0.6 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది; మాన్యువల్‌లో చెప్పిన కొలత ఫీలర్ గేజ్‌తో పెట్టాలి.

రవ్వ లేకపోతే ప్లగ్గు మార్చి చూడాలి, తర్వాత క్యాప్, ఆ తర్వాత ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే హెచ్.టి. కాయిల్. క్యాప్ లోపల ఉండే రెసిస్టర్ సాధారణంగా 5 కిలో ఓంల దగ్గర చూపుతుంది. మీటరు ఏమీ చూపకపోతే క్యాప్ పోయినట్టే. దీని ధర సి.డి.ఐ. ధరలో చిన్న వంతు. అయినా ముందు సి.డి.ఐ. కొనిపించే అలవాటు చాలాచోట్ల ఉంది. సి.డి.ఐ.ని ఎప్పుడూ చివర్లో అనుమానించాలి, అదీ దానికి రావాల్సిన కరెంటు, ఎర్త్, పల్సర్ కాయిల్ (రవ్వ రావాల్సిన క్షణాన్ని సి.డి.ఐ.కి తెలిపే చిన్న కాయిల్; పల్సర్ బండికి సంబంధం లేదు) సిగ్నలు మూడూ ఉన్నాయని తేలాకే.

సెల్ఫ్ కొడితే లేవదు, కిక్కు కొడితే వెంటనే లేస్తుంది అన్న ఫిర్యాదు బ్యాటరీతో పనిచేసే సి.డి.ఐ. బండ్లలో తరచు వింటాం. కారణం మోటారు కాదు. అరిగిన బ్యాటరీ సెల్ఫ్ మోటారును తిప్పడానికే తన బలమంతా పెడుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి సి.డి.ఐ.కి చాలినంత అందదు. కిక్కు కొట్టినప్పుడు ఆ భారం ఉండదు కనుక రవ్వ వస్తుంది.

బ్యాటరీ, చార్జింగ్, ఎర్త్

ఈ ప్రాంతపు షాపుల్లో నేటికీ ఎక్కువ వాడేది టెస్ట్ లైటు: ఒక బల్బు, రెండు వైర్లు. కరెంటు ఉందో లేదో అది చెబుతుంది, ఎంత ఉందో చెప్పలేదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చార్జింగ్ లోపాలు కొన్ని కొలతల్లో తేలతాయి. రాత్రంతా నిలిపి ఉంచిన బండి బ్యాటరీ మంచిదైతే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.2 దగ్గర ఉంటే సగమే చార్జి ఉన్నట్టు. సెల్ఫ్ నొక్కుతుండగా 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ పని అయిపోవచ్చింది. ఇంజన్ నడుస్తూ ఒక మోస్తరు రేసు ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి. 15 దాటితే ఆర్.ఆర్. యూనిట్ (చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫయర్) అదుపు తప్పింది. బల్బులు మాటిమాటికీ పోవడం, బ్యాటరీ ఉబ్బడం దాని గుర్తులు. రేసు ఎంత ఇచ్చినా 12.5 దాటకపోతే చార్జింగ్ లేదు.

చార్జింగ్ లేనప్పుడు వెంటనే మాగ్నెట్ కాయిల్ మార్చమంటారు. దానికి ముందు కాయిల్ నుంచి వచ్చే వైర్ల కనెక్టర్ విప్పి చూడాలి. పసుపు రంగు వైర్ల దగ్గర ప్లాస్టిక్ కరిగి నల్లబడి ఉంటే అది చోటు దొరికినట్టే. వేడికి వదులైన కనెక్షన్ ఇంకా వేడెక్కి తనను తానే కాల్చుకుంటుంది. కాయిల్‌ను ఎర్త్‌కు కలిసిందా అని పరీక్షించేటప్పుడు జాగ్రత్త అవసరం. మూడు ఫేజుల కాయిల్ ఎర్త్‌కు కలిస్తే చెడిపోయినట్టు. కానీ పాత హీరో హోండా రకం కాయిల్‌లో ఒక కొసను తయారీలోనే ఎర్త్‌కు కలిపి ఉంచుతారు. అది తెలియక మంచి కాయిల్‌ను పారేయడం నిజంగా బాధ కలిగించే విషయం. ఆ బండ్లలో హెడ్‌లైటు కూడా మాగ్నెట్ కరెంటుతోనే వెలుగుతుంది కాబట్టి స్లోలో మందగించి, రేసు ఇస్తే ప్రకాశించడం సహజం. అది బ్యాటరీ లోపం కాదు.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోని భాగం ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు, ఇంజన్‌కు వెళ్లే వైరు బోల్టు కింద తుప్పు పడితే ఇండికేటర్ వేస్తే హారన్ మూలగడం, బ్రేకు నొక్కితే మీటరు లైటు మసకబారడం వంటి సంబంధం లేని వింతలు కనిపిస్తాయి. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ ఒంటికి పెట్టి సెల్ఫ్ నొక్కితే 0.2 వోల్టుల కంటే ఎక్కువ రాకూడదు. ఎక్కువ వస్తే బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగిస్తే చాలు. హీరో, హోండా బండ్లలో ఆకుపచ్చ వైరు ఎర్త్, ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్, నల్ల వైరు తాళం వేశాక వచ్చే కరెంటు. ఈ మూడు రంగులు తెలిస్తే ఏ వైరు ఎటు పోతుందో సగం అర్థమవుతుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం, లేదా రాగి తీగ చుట్టడం ప్రమాదం. హ్యాండిల్ మెడ దగ్గర, సీటు కింద, ట్యాంకు కింద వైరింగ్ రాసుకుని పొర పోయిన చోటు వెతకాలి. గోదాముల పక్కన, గడ్డివాముల దగ్గర నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన వైర్లు తప్పక చూడాలి. బ్యాటరీని బయట చార్జి చేయించాల్సి వస్తే దాని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నెమ్మదిగా చేయించాలి: 3 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.3 ఆంపియర్లు. గంటలో నింపేస్తామన్న చార్జింగ్ ఆ చిన్న బ్యాటరీని చంపుతుంది.

వేడెక్కాక ఆగే బండి

పెనుకొండ నుంచి జాతీయ రహదారి మీద వేసవి మధ్యాహ్నం పది పదిహేను కిలోమీటర్లు బాగా వచ్చి, ఉన్నట్టుండి ఆగి, చెట్టు కింద కాసేపు నిలిపితే మళ్లీ లేచే బండి మెకానిక్కుకు అసలైన పరీక్ష. షాపుకు చేరేసరికి ఇంజన్ చల్లారుతుంది, లోపం మాయమవుతుంది. అప్పుడు మిగిలేది ఊహ ఒక్కటే. అందుకే ఈ లోపాన్ని ఆగిన చోటే, ఆ వేడిలోనే పరీక్షించాలి. ఇందులో బండి యజమాని చేయగలిగిందే ఎక్కువ.

ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంకు మూత తెరవాలి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి లేస్తే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతుంది. సన్నటి తీగతో శుభ్రం చేస్తే సరి. మూత తెరిచినా లేవకపోతే వెంట ఉంచుకున్న పాత ప్లగ్గుతో రవ్వ చూడాలి. రవ్వ లేకపోతే వేడికి లోపలి తీగ తెగి, చల్లారాక కలుస్తున్న పల్సర్ కాయిల్ గానీ, హెచ్.టి. కాయిల్ గానీ కారణం. షాపులో ఆ కాయిల్‌ను వేడిచేసి ఓంలు కొలిస్తే తేలుతుంది. రవ్వ ఉండి, కిక్కు మాత్రం తేలిగ్గా దిగిపోతుంటే ట్యాపెట్లు బిగుసుకుని వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. ట్యాపెట్ గ్యాపు చిన్న బండ్లలో మి.మీ.లో పదో వంతు, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. టకటకమనే శబ్దం పోవాలని అవసరానికి మించి బిగించిన ట్యాపెట్లే ఈ లోపానికి తరచు మూలం. కాస్త శబ్దం చేసే వాల్వు చాన్నాళ్లు బతుకుతుంది. శబ్దమే లేకుండా బిగించిన వాల్వు కాలిపోతుంది.

పెట్రోలు దారి

కార్బురేటర్ బండి చోక్ లాగితేనే నడుస్తూ, వదిలితే ఆగిపోతుంటే స్లో జెట్టు మూసుకుంది. స్లోలో బాగుండి పెద్ద రేసులో తడబడితే మెయిన్ జెట్టు, లేదా ట్యాంకులోంచి వచ్చే ధార చూడాలి. ఇంటేక్ రబ్బరు పగిలితే గాలి అదనంగా చొరబడి రేసు దానంతటదే పెరుగుతుంది. జెట్టును ఇనుప తీగతో గుచ్చితే రంధ్రం పెద్దదైపోతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టడమే సరైన పని.

పెట్రోలులో ఇథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. నెలల తరబడి నిలిపి ఉంచిన పాత బండి లేవకపోతే కార్బురేటర్ కింది స్క్రూ విప్పి సీసాలోకి పట్టి చూడాలి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి.

ఇంజెక్షన్ బండిలో తాళం వేయగానే పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమనాలి. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, బండి పడిపోతే ఇంజన్ ఆపే సెన్సర్ చూడాలి. హోండా రకంలో పంపు ఒత్తిడి సుమారు 294 కిలోపాస్కల్స్. మీటరులోని ఇంజన్ లైటు ఆగకుండా మెరుస్తుంటే ఆ మెరుపులను లెక్కపెట్టాలి: హోండా పద్ధతిలో పొడుగు మెరుపు పదులు, పొట్టి మెరుపు ఒకట్లు. ఆ సంఖ్య ఏ సెన్సర్ దారిలో లోపముందో చెబుతుంది. సెన్సరే చెడిందని చెప్పదు. వైరు తెగినా అదే సంఖ్య వస్తుంది.

ఇంజన్ విప్పే ముందు

పికప్ లేదని వచ్చిన బండిని మెయిన్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పాలి. బ్రేకు పట్టుకుని ఉంటే, చైను మరీ బిగుతుగా ఉంటే ఇంజన్ చేసేదేమీ లేదు. రేసు పెరిగి బండి కదలకపోతే క్లచ్చు జారుతోంది. కారు ఆయిల్ పోయడం అందుకు ఒక కారణం. మోటారు సైకిల్ క్లచ్చు ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులుంటాయి. డబ్బా మీద జాసో ఎం.ఎ. లేదా ఎం.ఎ.2 అని ఉండాలి.

సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వస్తే అది నీటి ఆవిరి, లోపం కాదు. ఆయిల్ కాలుతోందని తేలాక కంప్రెషన్ గేజ్ బిగించి, రేసు పూర్తిగా తెరిచి కిక్కులు కొట్టాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. హాఫ్ ఇంజన్ పని (బోరు, పిస్టన్, రింగులు) అవసరమో, హెడ్డు విప్పి వాల్వులు గ్రైండ్ చేయిస్తే సరిపోతుందో ఇది తేలుస్తుంది. బోరు చేయించాలంటే స్ప్లెండర్ రకం ఇంజన్లకు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. ముందు పిస్టన్ తెచ్చి, దాన్ని కొలిచి, ఆ తర్వాతే లేత్‌లో బోరు చేయించాలి.

2021 నవంబరులో చిత్రావతి పొంగినట్టు ఈ కరువు సీమలోనూ అప్పుడప్పుడు వరద వస్తుంది. నీట మునిగిన బండికి కిక్కు గానీ సెల్ఫ్ గానీ కొట్టకూడదు. సిలిండరులో నీరుంటే అది అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గు తీసి, నీరు బయటికి తిప్పి, ఆయిల్ పాలరంగులో ఉంటే ఒకటికి రెండుసార్లు మార్చి, ఫిల్టర్ పెట్టె, కార్బురేటర్, కనెక్టర్లు ఆరబెట్టాకే స్టార్టు చేయాలి.

సామాన్లు కావాలంటే హిందూపురం వాళ్లకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు జె.సి. రోడ్డు అందుబాటులో ఉంది. మంచి సామాను ఎక్కడైనా దొరుకుతుంది. కొలిచి చెప్పే మెకానిక్కు దొరకడం ముఖ్యం. బండి అప్పగించేటప్పుడు చల్లగా ఉన్నప్పుడు ఆగిందా, వేడెక్కాక ఆగిందా, ఒక్కసారిగా ఆగిందా, తడబడుతూ ఆగిందా చెప్పండి. ఏ భాగం మార్చినా పాతది చూపించమని, దాని కొలత ఎంత వచ్చిందో చెప్పమని అడగండి. కొలత చెప్పలేని చోట ఇంజన్ విప్పనివ్వకండి.